పెరటి కలబంద, పెంపుడు కుక్క

మన దేశమున కలబంద లేని పెరడు అరుదు. నూతిగట్టు ప్రక్కన, కిటికీ క్రింది కుండీలో, మేడమీద పగిలిన బకెట్టులో, ఎచట నాటినను అది బ్రతుకును. నాలుగు దినములు నీరు పోయుట మరచినను వాడిపోదు. తెలుగువారు దీనిని కలబంద యనియు, హిందీ ప్రాంతములవారు ఘీకువార్ అనియు, మరాఠీవారు కోర్‌ఫడ్ అనియు, తమిళులు కట్రాళై అనియు పిలుతురు. సంస్కృతమున దీని పేరు కుమారి. వేరులతో సహా పెరికి గుమ్మమునకు తలక్రిందులుగా వ్రేలాడగట్టినచో దృష్టిదోషము తగులదను నమ్మకము తెలుగునాట కలదు. మన్నును నీరును లేకయే చాలకాలము అది పచ్చగా నుండుటయే ఆ నమ్మకమునకు బలము నిచ్చినది కాబోలు. కాలిన చోటికి, తలవెండ్రుకలకు, ముఖమునకు దీని గుజ్జును వాడుట నేడు సర్వసామాన్యము. ఇంత మేలు చేయు మొక్క ఇంటనున్న కుక్కకు కీడు చేయునని ఎవరికిని తోచదు.

అయినను అది కీడు చేయును. కుక్క కలబంద ఆకును నమలి మ్రింగినచో వాంతులును విరేచనములును కలుగవచ్చును. అమెరికాలోని జంతుహింసా నివారణ సంఘము ప్రచురించిన మొక్కల పట్టికలో కలబంద కుక్కలకును, పిల్లులకును, గుఱ్ఱములకును విషపు మొక్కగా చేర్చబడియున్నది. అట్లని ఇంటిలోని కలబందలన్నిటిని పెరికి పారవేయవలసిన పనిలేదు. ఎదిగిన కుక్క ఒక ముక్కను కొరికి, చేదునకు తాళలేక ఉమిసివేసినంత మాత్రమున ప్రాణాపాయము రాదు. ఆకులో ఏ భాగము అపాయకరమో, ఏ కుక్కకు ఎక్కువ అపాయమో తెలిసికొనినచో భయమును ఉండదు, అజాగ్రత్తయు ఉండదు.

ఆకులో ఏమున్నది

కలబంద ఆకును అడ్డముగా కోసి కొంతసేపు నిలువుగా పట్టుకొనినచో, కోసిన అంచునుండి పసుపుపచ్చని రసము బొట్లుబొట్లుగా కారును. అది గుజ్జు కాదు. గుజ్జు ఆకు నడుమ నుండును. తేటగా, జిగటగా నుండును. అందు నూటికి 99 పాళ్లు నీరే. పైనున్న పచ్చని తొక్కకును లోపలి గుజ్జునకును మధ్య సన్నని నాళముల వరుస యొకటి కలదు. పసుపు రసము ఆ తావున నుండును. నోటికి సహింపరాని చేదుగల ఈ రసమునందే అలోయిన్ మొదలగు ఆంత్రాక్వినోను జాతి పదార్థములున్నవి. ఇవిగాక కలబందలో సాపోనినులు అను పదార్థములు కూడ కలవు. కుంకుడుకాయను నీటిలో పిసికినపుడు నురుగు లేచుటకు కారణమైనవి ఈ జాతి పదార్థములే. ఇవి కడుపులోనికి పోయినచో లోపలి పొరను రేపి వాంతి కలిగించును.

పసుపు రసమును ఎండబెట్టినచో అది నల్లబడి గట్టిపడును. మూలికల అంగళ్లలో ముసాంబరము అను పేర దొరకు నల్లని గడ్డ అదియే. దెబ్బ తగిలి వాచిన చోట దానిని నూరి పట్టు వేయుట పూర్వమునుండి వచ్చుచున్న వాడుక. లోనికి పుచ్చుకొనినచో అది తీవ్రమైన విరేచనకారి. పాశ్చాత్యులును చాలకాలము దానిని విరేచనముల మందుగనే వాడిరి. అయితే దాని క్షేమమును రుజువు చేయు ఆధారములను తయారుచేయువారు చూపనందున, వైద్యుని చీటి లేకుండ అమ్ము విరేచనపు మందులలో దానిని వాడరాదని అమెరికా ఆహార ఔషధ పాలనాసంస్థ 2002లో నిర్ణయించినది. తరువాత అదే దేశమున తొక్కతో సహా తీసిన ఆకుసారమును త్రాగునీటిలో కలిపి ఎలుకలకు 2 సంవత్సరములు ఇచ్చి చూడగా వాటి పెద్దప్రేగులో కంతులు ఏర్పడినవి. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ అట్టి సారమును మనుష్యులకు క్యాన్సరు కలిగింపగల అవకాశమున్న వస్తువుల వరుసలో చేర్చినది. ఈ మాటలు తొక్కను, పసుపు రసమును తొలగింపని సారమును గూర్చినవి. కడిగి శుభ్రపరచిన గుజ్జును గూర్చినవి కావు.

రాజస్థానమున కలబందతో కూర వండుకొందురు. ఆ గృహిణులు ముండ్ల అంచులను చెక్కివేసి, ముక్కలను ఉప్పునీటిలో ఉడికించి, చేదు దిగిన ఆ నీటిని పారబోసిన పిమ్మటనే తాలింపు పెట్టుదురు. ప్రయోగశాలలు చెప్పిన సంగతి వంటయిండ్లకు ఎప్పుడో తెలిసియున్నదన్నమాట. కుక్కకు ఆ వంట తెలియదు. అది ఆకును తొక్కతో, రసముతో, ఒక్కొక్కప్పుడు కుండీలోని మన్నుతో సహా నమలును.

కుక్క కడుపులో జరుగునది

అలోయిన్ చిన్నప్రేగులో జీర్ణము కాదు. అది పెద్దప్రేగు వఱకు అట్లే పోయి, అచటనున్న సూక్ష్మజీవులచే విడగొట్టబడి మరింత ఘాటైన పదార్థముగా మారును. ఆ పదార్థము ప్రేగులను వేగముగా కదలించును. మలమునుండి తిరిగి రక్తములోనికి పోవలసిన నీటిని పోనీయదు. పైగా శరీరములోని నీటిని ప్రేగులోనికి లాగును. కావుననే విరేచనములు తినిన వెంటనే గాక కొన్ని గంటల తరువాత ఆరంభమగును. ప్రొద్దుట ఆకు కొరికిన కుక్క సాయంకాలమునకు జబ్బుపడినచో, ఇంటివారు మధ్యాహ్నము పెట్టిన అన్నమును తప్పు పట్టుదురు గాని మొక్కను అనుమానింపరు.

మొదట చొంగ కారుట, వాంతి, ఆహారమును ముట్టకుండుట కనబడును. పిమ్మట నీళ్ల విరేచనములు, ఒక్కొక్కప్పుడు జిగటతో, కలుగును. కుక్క మందకొడిగా ఒక మూల పడియుండును. మూత్రము ఎఱ్ఱబారుటయు కలదు. అది ఆంత్రాక్వినోనుల రంగు కావచ్చును గాని, రక్తము కాదని ఇంటివద్ద తేల్చుకొనరాదు. అనేకము చాల ఎక్కువగా తినినపుడు వణకు కూడ కలుగవచ్చును. సకాలమున నీరు అందినచో అధికభాగము కుక్కలు కోలుకొనును.

అసలు అపాయము విషముకంటె నీటి నష్టమువలన వచ్చును. 25 కిలోల బరువుగల కుక్కకు నాలుగు విరేచనములు అలసట మాత్రమే. 2 కిలోల పిల్లకు అవే నాలుగు విరేచనములు ప్రాణముమీదికి తేగలవు. ఇట్టి అపాయమునకు లోనగునవి కూడ ఎక్కువగా పిల్లలే. పండ్లు వచ్చు వయస్సులో కుక్కపిల్ల చెప్పులను, చాపలను, తలుపు అంచులను కొరుకును. దానికి చేదను లెక్క ఉండదు. రోజంతయు గొలుసుతో కట్టివేయబడి, ఆటకు నోచుకొనని పెద్దకుక్కకు కూడ ఇదే అలవాటు పట్టును. ముసలి కుక్కలను, మూత్రపిండముల వ్యాధి యున్న కుక్కలను, చూలుతోనున్న కుక్కలను పిల్లలతో సమానముగనే చూచుకొనవలెను.

నీరు తరిగినదో లేదో తెలిసికొనుటకు సులభమైన పరీక్ష కలదు. కుక్క మెడవెనుక చర్మమును రెండు వ్రేళ్లతో పైకెత్తి విడువవలెను. ఆరోగ్యముగానున్న కుక్కయందు అది తటాలున యథాస్థితికి వచ్చును. నెమ్మదిగా దిగినను, ఎత్తిన మడత అట్లే నిలిచినను నీరు తరిగినదని గ్రహింపవలెను. చిగుళ్లు తడిగా నుండక జిగటగా, పొడిగా నుండుట మఱియొక గుర్తు. అయితే చిగుళ్లను తాకుటకు ముందు క్రింది విషయమును చదువవలెను.

వేఱొక వ్యాధి కాదు గదా

కొరికిన ఆకు కనబడగనే జబ్బునకు కారణము దొరకినదని ఇంటివారు నిశ్చింతపడుదురు. ప్రమాదము అచటనే యున్నది. టీకాలు వేయింపని కుక్కపిల్ల వాంతులు చేసికొనుచు, దుర్గంధముగల విరేచనములతో, ముఖ్యముగా రక్తముతో కూడిన విరేచనములతో నీరసించుచున్నచో, అది కలబంద పని కాక పార్వో వ్యాధి కావచ్చును. 1978లో లోకమునకు తెలియవచ్చిన ఈ వైరస్ వ్యాధి నేడు మన దేశమున అన్ని ఊళ్లలోను కుక్కపిల్లలను పొట్టను బెట్టుకొనుచున్నది. చికిత్స లేనిచో ఎక్కువ పిల్లలు చనిపోవును. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించి కాపాడినచో పెక్కు పిల్లలు బ్రతుకును. ఇది మనుష్యులకు సోకదు. 6 మొదలు 8 వారముల వయస్సున టీకా మొదలుపెట్టి, పశువైద్యుడు చెప్పిన గడువులలో 16 వారములు నిండువఱకు వేయించుటయే దీనికి రక్ష. "ఆకు తిన్నది, రేపటికి తగ్గును" అని ఒక రాత్రి వేచియుండుట ఇట్టి పిల్లకు మరణశాసనము కాగలదు.

రెండవ పొరపాటు మనుష్యుని ప్రాణమునకే ముప్పు. చొంగ కార్చుచు, మ్రింగలేక, దవడ వ్రేలవేసికొని, గొంతులో ఏదో అడ్డుపడినట్లు కనబడు కుక్కను చూచి, ఆకు ముక్కయో ఎముకయో ఇరుకుకొనినదని యజమాని దాని నోటిలో చేయి పెట్టును. రేబీస్ వ్యాధి వచ్చిన కుక్కలు సరిగా ఇట్లే కనబడును. కలబందవలన చొంగతోపాటు వాంతియు విరేచనములును ఉండును. మ్రింగుట కష్టము కాదు, గొంతు మారదు, దవడ జారదు. నడక తూలుట, మొరుగు ధ్వని మారుట, అకారణముగా కసరుట లేక చీకటి మూలకు దూరుట కనబడినచో ఆ కుక్కను ఎవరును తాకరాదు. పిల్లలను దూరముగా నుంచి, కుక్కను ఒంటరిగా ఒక గదిలో బంధించి, పశువైద్యునికి వెంటనే కబురు చేయవలెను.

అట్టి కుక్క కరచినను, గీరినను, దాని చొంగ మన ఒంటిమీది పుండునకు గాని కంటికి గాని నోటికి గాని తగిలినను ఆలస్యము పనికిరాదు. గాయమును ధారగా పడు నీటితోను సబ్బుతోను 15 నిమిషములు కడుగవలెను. కన్నును, నోటిని మంచినీటితో కడుగవలెను. ఆపైన నేరుగా ఆసుపత్రికి పోవలెను. చర్మములోనికి ఇచ్చు టీకా మన ప్రభుత్వ ఆసుపత్రులలో మొదటి దినము, దానికి 3, 7, 28 దినముల తరువాత, మొత్తము నాలుగుమార్లు వేయుదురు. రక్తము వచ్చిన గాయములకు టీకాతోపాటు సీరము కూడ అవసరము. కుక్కకాటుపై కలబంద గుజ్జును గాని, పసుపును గాని, కారమును గాని, సున్నమును గాని పూయరాదు. కలబంద కాలిన చోట చల్లగా నుండుట నిజమే. రేబీస్ వైరస్‌ను అది ఏమియు చేయలేదు. రేబీస్ లక్షణములు బయటపడిన తరువాత మనిషి బ్రతుకుట దాదాపు లేదు. కుక్కలద్వారా సోకు ఈ వ్యాధిని 2030 నాటికి దేశమునుండి తొలగింపవలెనను జాతీయ కార్యప్రణాళికను భారత ప్రభుత్వము 2021లో ప్రకటించినది. ఆ పనిలో గృహస్థుని వంతు, ఇంటి కుక్కకు 3 నెలల వయస్సున మొదటి టీకాయు, ఆపైన పశువైద్యుడు చెప్పిన గడువున బలపరచు టీకాయు తప్పక వేయించుట.

ఆకు తినినదని తెలిసినపుడు

కుక్క ఆరోగ్యముగనే యుండి, టీకాలన్నియు పడి, అది ఆకు నములుట కన్నులార చూచినచో, నోటియంచున మిగిలిన ముక్కలను తీసివేసి మంచినీరు అందుబాటులో ఉంచవలెను. నీరు ఒకేమారు గిన్నెడు పెట్టక, కొంచెము కొంచెముగా పెట్టుట మేలు. ఎంత తినినదో అంచనా వేయుటకు మిగిలిన ఆకును దాచియుంచి వైద్యునికి చూపవలెను. ఇంతింత తినినచో అపాయమని ఒకే కొలత చెప్పుటకు వీలులేదు; ఏలయనగా ఆకు వయస్సును, ఋతువును, మొక్క జాతిని బట్టి పసుపు రసము పాలు మారుచుండును. రెండు మూడు మార్లకంటె ఎక్కువ వాంతి అయినను, విరేచనములు ఆగకున్నను, రక్తము కనబడినను, కుక్క చిన్నదైనను, ముసలిదైనను పశువైద్యశాలకు తీసికొనిపోవలెను.

చేయరాని పనులును కొన్ని కలవు. ఉప్పునీరు త్రాగించి వాంతి చేయించుట మన ఇండ్లలో తెలిసిన వైద్యమే. కుక్కయందు ఆ ఉప్పు రక్తములో చేరి మెదడును దెబ్బతీసి, కలబందకంటె ముందుగా చంపగలదు. పాలు విషమును విఱుచునను మాట నిజము కాదు. చాల కుక్కలకు పాలు అరగక విరేచనములు హెచ్చును. మనుష్యుల విరేచనముల మాత్రలను, నొప్పుల మాత్రలను, జ్వరపు మాత్రలను ఇంటివారు తమంత తాము కుక్కకు ఇయ్యరాదు. ఇబుప్రొఫెన్, పారాసిటమాల్ వంటి సామాన్యమైన మాత్రలు కూడ వాటి పాలిట విషములు కాగలవు.

కలబందను మందుగా వాడుట

తెలిసియే కలబందను కుక్కకు వాడువారు కలరు. మలబద్ధమునకని, పురుగులు పడునని ఆకు రసము పట్టించుట మానవలెను. నులిపురుగులకు పశువైద్యుడు ఇచ్చు మాత్ర తక్కువ ధరకే దొరకును, పనియు చేయును. సీసాలలో అమ్ము కలబంద పానీయములలో తీపికొఱకు జైలిటాల్ అను పదార్థమును కలుపుట కలదు. మనుష్యులకు హానిలేని ఈ తీపి కుక్కలకు తీవ్రమైన విషము. దేహపు బరువులో ప్రతి కిలోకు 0.1 గ్రాము మించి లోనికి పోయినచో రక్తములోని చక్కెర హఠాత్తుగా పడిపోవును. సీసామీది అక్షరములను చదువనివారు ఆ సీసాను కుక్కకు అందనిచోట పెట్టుట మంచిది.

చర్మముపై దురదకు, గీరుకొనిన చోటికి గుజ్జును పూయుటలో పెద్ద దోషము లేదు. అయితే ఆకును కోసి మొదట ఒక గిన్నెలో నిలువుగా పెట్టి పసుపు రసమును పూర్తిగా కారనీయవలెను. తరువాత తొక్క తీసి, గుజ్జును నీటితో కడిగి, అంతటితో వాడవలెను. పూసినది ఆరువఱకు కుక్క నాకకుండ చూడవలెను. మెడకు గరాటువంటి పట్టీ కట్టుట దీనికి చక్కని ఉపాయము. లోతైన గాయములకు, చీము పట్టిన పుండ్లకు, పురుగులు పడిన పుండ్లకు ఇది మందు కాదు. పురుగుల పుండును ఆకులతో కప్పినచో పురుగులు లోనికి తొలుచుకొని పోవును.

మిగిలిన మొక్కల మాట

కలబందను గూర్చి ఇంత చెప్పినను, పెరటిలో దానికంటె భయపడవలసిన మొక్కలు వేరే యున్నవి. పూజకు పూలిచ్చు గన్నేరు వేరునుండి ఎండుటాకు వఱకు గుండెను ఆపగల విషము. తోటలలో అందమునకు పెంచు సైకస్ మొక్క గింజలు కుక్క కాలేయమును నాశనము చేయును. ఈ రెండును కుక్కయున్న ఇంట లేకుండుటయే మేలు. వెల్లుల్లి తినిపించినచో పిడుదులు రాలునని కొందఱు నమ్ముదురు. 2000లో జపానుదేశపు హొక్కైడో విశ్వవిద్యాలయమున జరిగిన పరిశోధనలో, దేహపు బరువులో కిలోకు 5 గ్రాముల వెల్లుల్లికి సమానమైన సారమును 7 దినములు పట్టించిన కుక్కల రక్తకణములు దెబ్బతినినవి. ఉల్లియు అంతే. తులసి, కొత్తిమీర విషయమున భయములేదు. పుదీనా ఒకటి రెండాకులు పరవాలేదు, గుప్పెడు తినినచో వాంతి కావచ్చును. కలబందవలె కనబడు పెద్ద ముండ్ల కిత్తనార వేఱొక మొక్క. దాని రసము తగిలినచో కుక్కకే గాక మనుష్యునికిని చర్మము పొక్కును.

కలబంద కుండీని కుక్కపిల్లకు అందని ఎత్తున పెట్టుట, గుమ్మపు మొక్కను ఎగిరినను అందనంత పైకి కట్టుట చాలును. ఎత్తున పెట్టలేనివారు నాలుగు ఇటుకలు పేర్చియో, ముండ్లకంప చుట్టియో అడ్డము కట్టవచ్చును. ఇంకొక సంగతి తలంటుల నాడు జరుగునది. వెండ్రుకలకు గుజ్జు తీసికొనిన తరువాత తొక్కలను పెరటి మూలకో, అంట్లు తోము గట్టు ప్రక్కకో విసరివేయుట వాడుక. గుజ్జు పోగా మిగిలినది తొక్కయు దానికి అంటుకొనిన పసుపు రసమును; కుక్కకు చెఱుపు చేయునది సరిగా అదే భాగము. పైగా గిన్నెల ప్రక్కన పడినపుడు వానికి అన్నపు వాసనయు పట్టును. తొక్కలను లెక్కపెట్టి మూతగల చెత్తబుట్టలో వేయవలెను. ఎరువునకు కావలెననుకొనువారు జానెడు లోతున పూడ్చి పైన రాయి పెట్టవలెను.